సబ్జెక్ట్‌ని "హూ"తో వర్ణించాక మళ్లీ "దే" ఎందుకు రాకూడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత డీలరు ఆఫీసులో పనిచేస్తున్నారు. హెడ్డాఫీసుకి మెయిళ్లు ఇంగ్లీషులో రాయాలి. "ది ఫార్మర్స్ హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్ దే హావ్ నాట్ పెయిడ్" అని రాస్తే మేనేజరుగారు "దే" కొట్టేశారు. "అది తీసేస్తే వాక్యం మధ్యలో తెగిపోయినట్టుంది, డబ్బు కట్టనిది ఎవరో ఎలా తెలుస్తుంది? పోనీ అక్కడ కామా పెట్టొచ్చా?" అని అడిగారు.

మేనేజరుగారు చేసింది సరైన పని. "దే" రాకూడదు, అక్కడ కామా కూడా రాకూడదు. సరైన వాక్యం: "ది ఫార్మర్స్ హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్ హావ్ నాట్ పెయిడ్." ఇందులో సబ్జెక్ట్ "ది ఫార్మర్స్" ఒక్కటే కాదు. "ది ఫార్మర్స్" నుంచి "లాస్ట్ మంత్" దాకా ఉన్నదంతా కలిపి ఒకే సబ్జెక్ట్. "దే" అనే మాట నిలబడాల్సిన చోట ఆ ఆరేడు మాటల గుంపు ఇప్పటికే నిలబడి ఉంది. దాని పక్కన మళ్లీ "దే" పెడితే ఒకే కుర్చీలో ఇద్దరిని కూర్చోబెట్టినట్టు.

అమలాపురం వైపు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. డిగ్రీ పిల్లలు, గల్ఫ్‌కి వెళ్లే నర్సులు, బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లు, మీలాగా ఉద్యోగంలో చేరాక అవసరం పడినవాళ్లు వస్తుంటారు. వాళ్ల రాతల్లో నేను అందరికంటే ఎక్కువగా దిద్దేది ఈ ఒక్క చోటే. కాబట్టి రూలు చెప్పి వదిలేయకుండా, మనకి ఆ "దే" అంత సహజంగా ఎందుకు వస్తుందో ముందు చెబుతాను. అది తెలియకపోతే మేనేజరు కొట్టేసిన ప్రతిసారీ మీ చెయ్యి మళ్లీ రాస్తూనే ఉంటుంది.

మీ వాక్యాన్నే తెలుగులో అనుకోండి: "పోయిన నెల మేత కొన్న రైతులు ఇంకా డబ్బు కట్టలేదు." ఇక్కడ వర్ణన అంతా ముందే అయిపోయింది. "రైతులు" అనగానే మన చెవికి కర్త దొరికింది, ఆ వెంటనే మిగతా సంగతి. కర్తకీ క్రియకీ మధ్య దూరం లేదు. పాత వ్యాకరణాలు "కొన్న", "వచ్చిన", "చేసే" లాంటి రూపాలని ధాతుజ విశేషణాలు అన్నాయి. క్రియలోంచి పుట్టి, విశేషణంలాగా నామవాచకానికి ముందు కూర్చుంటాయి. ఇంగ్లీషు దీన్ని తిరగేస్తుంది. ముందు "ది ఫార్మర్స్" అనేసి, ఆ తర్వాత వాళ్లు ఏ రైతులో చెప్పడం మొదలుపెడుతుంది. అది పూర్తయ్యాకగానీ అసలు క్రియ రాదు. మనకి అలవాటు లేని ఎడం అక్కడ పుడుతుంది. ఆ ఎడంలో సబ్జెక్ట్ చేజారిపోయిందేమో అనిపించి, "దే" అని మళ్లీ పట్టుకుంటాం.

దీనికి మన మాట తీరు కూడా తోడవుతుంది. మనం నోటితో చెప్పేటప్పుడు పైన రాసిన తెలుగు వాక్యంలా ఎంతమంది మాట్లాడతాం? "పోయిన నెల మేత కొన్నారు చూడండి రైతులు, వాళ్లు ఇంకా కట్టలేదండి" అంటాం. "కువైట్‌లో ఉంటాడే మా బావగారి తమ్ముడు, వాడు డబ్బు పంపాడు" అంటాం. ముందు మనిషిని గుర్తుచేసి, ఎదుటివాళ్లు తలూపాక, "వాడు", "వాళ్లు" అని కథ మొదలుపెడతాం. అది తెలుగులో తప్పు కాదు, మంచి సంభాషణ పద్ధతి. పైగా "ఎవరైతే అరువు అడుగుతారో వాళ్లు కాగితం మీద సంతకం పెట్టాలి" అన్నప్పుడు ఆ "వాళ్లు" తెలుగులో ఉండి తీరాలి, తీసేస్తే వాక్యం కుంటుతుంది. ఇంగ్లీషులో మాత్రం "ఎనీవన్ హూ ఆస్క్స్ ఫర్ క్రెడిట్ మస్ట్ సైన్ ది ఫారమ్" అంతే. మధ్యలో "హీ" లేదు. మీరు రాసిన "దే" తెలియక రాసింది కాదండి. తెలుగు బాగా వచ్చిన నోరు ఇంగ్లీషులోనూ అలాగే పలికింది.

ఇప్పుడు దాన్ని పట్టుకునే పద్ధతి. నేను పిల్లలకి చెప్పేది క్రియల లెక్క. వాక్యంలో ఎన్ని క్రియలున్నాయో చూడండి. ఒక్కో క్రియకి ఒక్కో యజమాని ఉండాలి. యజమాని లేని క్రియ ఉండకూడదు, క్రియ లేని యజమాని ఉండకూడదు. మీ వాక్యంలో క్రియలు రెండు: "బాట్", "హావ్ నాట్ పెయిడ్". "బాట్"కి యజమాని "హూ". "హావ్ నాట్ పెయిడ్"కి యజమాని "ది ఫార్మర్స్"తో మొదలైన గుంపు. లెక్క సరిపోయింది. ఇప్పుడు "దే" వస్తే క్రియలు రెండే ఉండి యజమానులు ముగ్గురవుతారు. "హావ్ నాట్ పెయిడ్"ని "దే" లాక్కుంటుంది, పాపం "ది ఫార్మర్స్" పనిలేకుండా మిగిలిపోతుంది.

ఇదే లెక్క రెండో తప్పునీ పట్టిస్తుంది. "ది ఫార్మర్ బాట్ టెన్ బ్యాగ్స్ హాజ్ నాట్ పెయిడ్" అని రాసేవాళ్లున్నారు. ఇక్కడ క్రియలు రెండు, యజమాని ఒక్కడే. "హూ" ఎగిరిపోయింది. "పది బస్తాలు కొన్న రైతు" అన్నప్పుడు తెలుగులో "హూ"కి సరిపడే విడి మాట లేదు, "కొన్న"లోనే అంతా ఇమిడిపోయింది. అందుకే "హూ" అనవసరమని చెయ్యి దాటేస్తుంది. చదివే ఇంగ్లీషువాడు "రైతు పది బస్తాలు కొన్నాడు" అని వాక్యం ముగించుకుని, ఆ తర్వాత "హాజ్" కనిపించగానే తికమకపడి మళ్లీ మొదటికి వెళతాడు.

అయితే మీరు ఈ మధ్య చదివిన మెయిళ్లలో "హూ", "దట్" లేని వాక్యాలు చూసే ఉంటారు. "ది ఫీడ్ యు సెంట్ లాస్ట్ వీక్ వజ్ వెట్" అని. అది సరైనదే. తేడా ఎక్కడుందంటే, వర్ణించే ముక్కలో "యు" అనే యజమాని విడిగా ఉన్నాడు. "సెంట్"కి వాడే కర్త. అక్కడ "దట్" ఉన్నా "ది ఫీడ్"కి బదులు కర్మ స్థానంలో ఉండేదే తప్ప కర్త కాదు. నామవాచకం వెనకే మరో మనిషో వస్తువో వస్తే "దట్" వదిలేయొచ్చు. వెనకే క్రియ వస్తే వదలకూడదు. "ది ఫీడ్ దట్ కేమ్ లాస్ట్ వీక్ వజ్ వెట్"లో "దట్" తీయడానికి లేదు, ఎందుకంటే దాని వెనక "కేమ్" ఉంది. పరీక్షల్లో తప్పులు పట్టే ప్రశ్నలకి కూడా ఈ ఒక్క గుర్తు బాగా పనికొస్తుంది.

ఆ "యు సెంట్" రకంలో ఇంకో తప్పు దాగి ఉంటుంది. నరసాపురంలో లేసు ఎగుమతి చేసేవాళ్ల దగ్గర లెక్కలు రాసే ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చేది. తన మెయిళ్లలో "ది టేబుల్ క్లాత్స్ దట్ యు ఆర్డర్డ్ దెమ్ ఆర్ రెడీ" అని రాసేది. "ఆర్డర్డ్" తర్వాత ఏదో ఒకటి ఉండాలని బడిలో నేర్పారు కదా, దానికి కర్మ కావాలని. కానీ ఆ కర్మ "దట్" రూపంలో ముందుకొచ్చి కూర్చుంది. దాని పాత స్థానం ఖాళీగానే ఉండాలి. "ది టేబుల్ క్లాత్స్ దట్ యు ఆర్డర్డ్ ఆర్ రెడీ." ఆ అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే: "దట్" రాశాక "ఇట్", "దెమ్", "హిమ్" వర్ణన ముక్కలో కనిపిస్తే అనుమానించు, అది దేన్ని సూచిస్తోందో చూడు. "దట్" సూచిస్తున్న వస్తువునే సూచిస్తుంటే తీసెయ్.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా మనదే. అక్కడ ఉండాల్సిన మాట పడిపోతుంది. "నేనుండే ఇల్లు", "నేనెక్కిన పంటు" (రేవు దాటించే పెద్ద పడవ), "మనం శాంపిల్ తీసిన చెరువు", "ఆయన డబ్బు పంపిన బ్యాంకు". చూడండి, తెలుగులో ఇల్లు"లో", పంటు "మీద", చెరువు"లోంచి", బ్యాంకు "ద్వారా" అనే విభక్తులన్నీ మాయమయ్యాయి. మన భాష వాటిని వినేవాళ్ల తెలివికి వదిలేస్తుంది. ఇంగ్లీషు వదలదు. "ది పాండ్ వి టుక్ ది శాంపిల్ హాజ్ లో ఆక్సిజన్" అంటే చాలదు, "ది పాండ్ వి టుక్ ది శాంపిల్ ఫ్రమ్ హాజ్ లో ఆక్సిజన్" అనాలి. "ది హౌస్ ఐ లివ్ ఈజ్ నియర్ ది కెనాల్" కాదు, "ది హౌస్ ఐ లివ్ ఇన్ ఈజ్ నియర్ ది కెనాల్." ఇక్కడ "ఇన్", "ఈజ్" రెండూ పక్కపక్కన పడేసరికి పిల్లలు భయపడి ఒకటి కొట్టేస్తారు. భయపడక్కర్లేదు. "ఇన్" వర్ణన ముక్కకి చివరి మాట, "ఈజ్" అసలు వాక్యానికి మొదటి క్రియ. ఆ రెండింటి మధ్యే అతుకు ఉంది. మరీ ఎబ్బెట్టుగా అనిపిస్తే "వేర్" వాడండి: "ది హౌస్ వేర్ ఐ లివ్ ఈజ్ నియర్ ది కెనాల్." "వేర్"లో "ఇన్" ఇమిడిపోతుంది, మళ్లీ రాయకూడదు. అలాగని చోటు పేరు కనబడగానే "వేర్" పెట్టేయకండి. "ది విలేజ్ వేర్ ఐ వజ్ బోర్న్" సరే. "ది విలేజ్ వేర్ ఐ లైక్" తప్పు. అక్కడ ఊరు ఇష్టపడే వస్తువు, ఇష్టపడే చోటు కాదు. "ది విలేజ్ దట్ ఐ లైక్" అనాలి.

ఇప్పుడు కామా సంగతి. మీరు ఒక్క మాటలో అడిగేశారుగానీ మీ ఉద్యోగంలో డబ్బుతో ముడిపడింది ఇదే.

"ది ఫార్మర్స్ హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్ హావ్ నాట్ పెయిడ్." కామాలు లేవు. అర్థం: రైతులు చాలామంది ఉన్నారు, వాళ్లలో పోయిన నెల కొన్నవాళ్లు కట్టలేదు. మిగతావాళ్ల సంగతి ఈ వాక్యం మాట్లాడటం లేదు.

"ది ఫార్మర్స్, హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్, హావ్ నాట్ పెయిడ్." రెండు కామాలు. అర్థం: మనం మాట్లాడుకుంటున్న రైతులందరూ కట్టలేదు. పోయిన నెల మేత కొన్నారన్నది పక్కన చెప్పిన అదనపు విషయం.

మొదటిది చదివిన హెడ్డాఫీసు ఆ కొద్దిమంది జాబితా అడుగుతుంది. రెండోది చదివితే మీ ఏరియా మొత్తానికి అరువు ఆపెయ్యమనొచ్చు. రెండు కామాల మీద అంత ఆధారపడి ఉంది. తెలుగులో "కువైట్‌లో ఉన్న మా అన్నయ్య" అన్నప్పుడు నాకు అన్నయ్య ఒక్కడేనా, ఇద్దరున్నారా అన్నది ఆ మాటల్లో తెలియదు. ఇంగ్లీషు రాతలో తెలిసిపోతుంది. "మై బ్రదర్ హూ వర్క్స్ ఇన్ కువైట్" అంటే ఇంకో అన్నయ్యో తమ్ముడో ఉన్నాడనే లెక్క. "మై బ్రదర్, హూ వర్క్స్ ఇన్ కువైట్," అంటే ఉన్నది ఒక్కడే. వీసా కాగితాల్లో కుటుంబ వివరాలు రాసేవాళ్లకి నేను ఇది రెండుసార్లు చెబుతాను.

ఎలా నిర్ణయించాలి? వర్ణన ముక్కని వేలితో మూసేయండి. మిగిలినదాంట్లో "ఏది? ఎవరు?" అన్న ప్రశ్న పుడితే ఆ ముక్క అవసరమైనది, కామా వద్దు. ఏ ప్రశ్నా పుట్టకపోతే అది అదనం, రెండు వైపులా కామా పెట్టాలి. మన నదినే తీసుకోండి. "ది గోదావరి, విచ్ రైజెస్ ఇన్ మహారాష్ట్ర, డివైడ్స్ బిలో ధవళేశ్వరం." గోదావరి ఒక్కటే, "ఏ గోదావరి?" అని ఎవరూ అడగరు, కాబట్టి కామాలు. అదే "ది బ్రాంచ్ దట్ మీట్స్ ది సీ ఎట్ అంతర్వేది ఈజ్ ది వశిష్ఠ" అన్నప్పుడు, పాయలు చాలా ఉన్నాయి, గౌతమి ఉంది, వైనతేయ ఉంది. అంతర్వేది మాట మూసేస్తే "ఏ పాయ?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కామా వద్దు. సాధారణంగా మనిషి పేరో ఊరి పేరో సబ్జెక్ట్ అయితే కామాలు పడతాయి: "ఆర్థర్ కాటన్, హూ బిల్ట్ ది ఆనకట్ ఎట్ ధవళేశ్వరం, వజ్ ఎ బ్రిటిష్ ఇంజినీర్." పేరు కాకుండా మామూలు నామవాచకం అయితే చాలాసార్లు పడవు: "ది ఆనకట్ దట్ కాటన్ బిల్ట్ వజ్ కంప్లీటెడ్ ఇన్ 1852." 1847లో మొదలైన ఆ పాత ఆనకట్ట వేరు, ఇప్పుడు మనం బస్సులో దాటే బ్యారేజీ తర్వాత కట్టింది. అందుకే ఇక్కడ "దట్ కాటన్ బిల్ట్" అన్న ముక్క నిజంగా పని చేస్తోంది. తీసేస్తే ఏ కట్టడమో తెలియదు.

కామా పడిన చోట "దట్" వాడకండి, "హూ"నో "విచ్"నో వాడండి. కామా లేని చోట "దట్" మనుషులకీ వస్తువులకీ రెండింటికీ చెల్లుతుంది. "దట్ మనుషులకి వాడకూడదు" అని కొన్ని గైడ్లలో ఉంటుంది, అది సరికాదు. మనుషులకి "హూ" రాస్తే మర్యాదగా ఉంటుందనేది మాత్రం నిజం, మెయిళ్లలో నేనూ అదే రాస్తాను.

ఇక మీరు అడిగిన కామా, అంటే "లాస్ట్ మంత్" తర్వాత ఒక్కటే కామా: "ది ఫార్మర్స్ హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్, హావ్ నాట్ పెయిడ్." ఇది "దే"కి బదులు చాలామంది చేసే పని. చదువుకున్నవాళ్లు, ఆఫీసర్లు కూడా రాస్తారు. కారణం ఏమిటంటే, గట్టిగా చదివితే అక్కడ గొంతు నిజంగానే కాస్త ఆగుతుంది. పొడుగాటి సబ్జెక్ట్ అయ్యాక ఊపిరి తీసుకోవడం సహజం. గొంతు ఆగొచ్చు, కలం ఆగకూడదు. సబ్జెక్ట్‌నీ దాని క్రియనీ ఒంటి కామాతో విడదీయడం ఇప్పటి ఇంగ్లీషు రాతలో ఒప్పుకోరు. కామాలు వస్తే జంటగా రావాలి, లేకపోతే రెండూ వద్దు. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ విరామాన్ని వాడుకోండి. ఫోన్లో చెప్పేటప్పుడు "ఫార్మర్స్" తర్వాత ఆగకుండా "హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్" దాకా ఒక్క గుక్కలో వెళ్లి, అక్కడ చిన్నగా ఆగి, "హావ్ నాట్ పెయిడ్" అనండి. మనవాళ్లు "ఫార్మర్స్" దగ్గర ఆగుతారు, అందుకే ఆ తర్వాత దారి తప్పుతుంది. ఆగే చోటు మార్చుకుంటే "దే" నోటికి రావడం బాగా తగ్గుతుంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో స్పీకింగ్‌కి వెళ్లే నర్సులతో నేను చేయించేది ప్రధానంగా ఈ ఊపిరి సాధనే.

ఏకవచనం, బహువచనం దగ్గర కూడా జాగ్రత్త కావాలి. తెలుగులో "మూడు చెరువులున్న రైతు", "మూడు చెరువులున్న రైతులు". "ఉన్న" మారలేదు. ఇంగ్లీషులో మారాలి: "ది ఫార్మర్ హూ ఓన్స్ త్రీ పాండ్స్ హాజ్ కమ్", "ది ఫార్మర్స్ హూ ఓన్ త్రీ పాండ్స్ హావ్ కమ్." "హూ" చూడటానికి ఒకటే, కానీ దాని వెనక ఎవరున్నారో చూసి క్రియ రాయాలి. అసలు క్రియ దగ్గర ఇంకో వల ఉంటుంది. "ది బ్యాగ్స్ దట్ కేమ్ ఇన్ ది సెకండ్ లారీ వజ్ వెట్." "లారీ" పక్కన ఉంది కాబట్టి చెయ్యి "వజ్" రాసేస్తుంది. తడిసింది లారీ కాదు, బస్తాలు. "వర్ వెట్" అనాలి. మూసేసే చిట్కా ఇక్కడా పనిచేస్తుంది: "దట్ కేమ్ ఇన్ ది సెకండ్ లారీ" మూసేస్తే "ది బ్యాగ్స్ వర్ వెట్" అని కళ్లకి కనబడిపోతుంది. పోటీ పరీక్షల్లో ఈ దూరాన్ని కావాలనే పెంచి, మధ్యలో రెండు మూడు ఏకవచనాలు ఇరికిస్తారు. "వన్ ఆఫ్ ది ఫార్మర్స్ హూ..." అని వస్తే "హూ" సాధారణంగా "ఫార్మర్స్"కి చెందుతుంది, "హూ ఓన్". కానీ మొత్తం వాక్యపు క్రియ "వన్"కి చెందుతుంది, "హాజ్".

"హూజ్" గురించి మీరు అడగలేదుగానీ మీకు పనికొస్తుంది. "ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) పాడైన రైతు", "ఇంజిన్ ఆగిపోయిన పడవ" లాంటివి రాయాలంటే అదే దారి: "ది ఫార్మర్ హూజ్ ఏరేటర్స్ ఫెయిల్డ్ లాస్ట్ నైట్ హాజ్ కాల్డ్ అస్." "హూ హిజ్ ఏరేటర్స్" అని రాయకండి. వస్తువులకి "హూజ్" రాకూడదనే భయం కూడా అక్కర్లేదు, "ది బోట్ హూజ్ ఇంజిన్ స్టాప్డ్" మంచి ఇంగ్లీషే. "హూమ్" మాత్రం మెయిళ్లలో పెద్దగా అవసరం పడదు. "ది డీలర్ హూమ్ వి మెట్" బదులు "ది డీలర్ వి మెట్" సరిపోతుంది.

ఇవన్నీ నేర్చుకున్నాక వచ్చే జబ్బు ఒకటుంది, దాని గురించి హెచ్చరించాలి. "హూ", "విచ్" చేతికి అలవాటు పడగానే అన్నిటినీ సబ్జెక్ట్ మీదే ఎక్కించేస్తారు. "ది ఫీడ్ దట్ ది డీలర్ దట్ ది కంపెనీ అపాయింటెడ్ సోల్డ్ వజ్ వెట్." వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు లేదు. క్రియల లెక్క కూడా సరిపోతుంది. అయినా ఎవరూ చదవలేరు. తెలుగులో "కంపెనీ పెట్టిన డీలరు అమ్మిన మేత తడిసిపోయింది" అంటే ఎంత హాయిగా ఉందో చూడండి. మన వర్ణనలు ఒకదాని వెనక ఒకటి వరసగా నడుస్తాయి, ఒకటి ముగిసాకే ఇంకోటి. ఇంగ్లీషులో సబ్జెక్ట్ మధ్యలో వర్ణన, ఆ వర్ణన మధ్యలో ఇంకో వర్ణన పెడితే, చదివేవాళ్లు ముగ్గురు యజమానులని గుర్తుపెట్టుకుని క్రియల కోసం ఎదురుచూడాలి. నా పద్ధతి: సబ్జెక్ట్ మీద ఒక్క వర్ణన చాలు. రెండోది కావాలంటే రెండో వాక్యం. లేదా బరువు వాక్యం చివరికి తోసెయ్యండి. "వి ఫౌండ్ వెట్ ఫీడ్ దట్ వజ్ సోల్డ్ బై ఎ డీలర్ ది కంపెనీ అపాయింటెడ్." వర్ణనలు చివర ఉంటే ఎదురుచూడాల్సిన క్రియ ఉండదు, కాబట్టి ఎంత పొడుగైనా భరించగలరు.

పొడుగు తగ్గించడానికి ఇంకో దారి, "హూ"నీ దాని సహాయక క్రియనీ రెండింటినీ తీసేయడం. "ఫార్మర్స్ హూ ఆర్ వెయిటింగ్ ఫర్ సీడ్" బదులు "ఫార్మర్స్ వెయిటింగ్ ఫర్ సీడ్ షుడ్ కాల్ అస్." "ది బ్యాగ్స్ దట్ వర్ డామేజ్డ్ బై రెయిన్" బదులు "ది బ్యాగ్స్ డామేజ్డ్ బై రెయిన్ విల్ బి రిటర్న్డ్." ఇది మన ధాతుజ విశేషణానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మనవాళ్లకి త్వరగా పట్టుబడుతుంది. తాము చేసే పని అయితే "ఇంగ్" రూపం, తమ మీద జరిగిన పని అయితే మూడో రూపం. "ది ఫార్మర్స్ బాట్ ఫీడ్" అని రైతులు తాము చేసిన పనికి ఆ మూడో రూపం వాడితే మళ్లీ పైన చెప్పిన యజమాని లేని క్రియ తప్పులోకే వెళ్తారు. కొన్నది వాళ్లు, వాళ్లని ఎవరూ కొనలేదు.

మీరు ప్రశ్న కింద పెట్టిన మెయిల్ ముక్కని ఇలా దిద్దుతాను. మీరు రాసింది: "ది ఫార్మర్స్ హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్ దే హావ్ నాట్ పెయిడ్. ది పాండ్స్ విచ్ దే టుక్ లీజ్ ఇట్ ఈజ్ డామేజ్డ్ ఇన్ రెయిన్స్. ది డీలర్ ప్రామిస్డ్ టు కలెక్ట్ హీ ఈజ్ నాట్ లిఫ్టింగ్ ఫోన్."

దిద్దాక: "ది ఫార్మర్స్ హూ బాట్ ఫీడ్ లాస్ట్ మంత్ హావ్ నాట్ పెయిడ్. ది పాండ్స్ దే టుక్ ఆన్ లీజ్ వర్ డామేజ్డ్ ఇన్ ది రెయిన్స్. ది డీలర్ హూ ప్రామిస్డ్ టు కలెక్ట్ ది మనీ ఈజ్ నాట్ ఆన్సరింగ్ హిజ్ ఫోన్."

రెండో వాక్యంలో "దే" ఉంచాను, గమనించారా? అది "టుక్"కి యజమాని, దానికి పని ఉంది. "ఇట్" తీసేశాను, చెరువులు చాలా కాబట్టి "ఈజ్"ని "వర్" చేశాను, "లీజ్" ముందు పడిపోయిన "ఆన్" పెట్టాను. మూడోదాంట్లో ఎగిరిపోయిన "హూ"ని తెచ్చి, "హీ"ని పంపేశాను. ఇక్కడ మాత్రం మీరే ఒకటి తేల్చుకోవాలి. మీ ఏరియాలో ఉపడీలర్లు చాలామంది ఉంటే వాక్యం ఇలాగే ఉంచండి. హెడ్డాఫీసుకి తెలిసిన డీలరు ఆయన ఒక్కడే అయితే రెండు కామాలు పెట్టండి: "ది డీలర్, హూ ప్రామిస్డ్ టు కలెక్ట్ ది మనీ, ఈజ్ నాట్ ఆన్సరింగ్ హిజ్ ఫోన్."